ఆజ్ఞ లేని పండగ

నర్సుల హాస్టలు,
నవంబరు 4

మావయ్యకి,

వందనాలు. నిచ్చెన మీద ఉంటే ముందు దిగి, ఆ తర్వాత చదవండి.

ఈ డిసెంబరులో నేను ఇంటికి రావడం లేదు. సెలవు దొరక్క కాదు. ఇకమీదట క్రిస్మస్ చెయ్యకూడదని నిర్ణయించుకున్నాను. మీ మేనకోడలికి పరిశోధన చేసే బుద్ధి ఉందని మీకెప్పుడూ అనుమానం వచ్చి ఉండదు. నాకూ రాలేదు.

మా పక్క గదిలో ఎక్స్‌రే అక్క ఉంటుంది. ఆస్పత్రిలో ఎముకలకి ఫొటోలు తీస్తుంది, హాస్టల్లో మనుషుల్ని కూడా అలాగే లోపలిదాకా చూస్తుంది. వారానికి మూడు సాయంత్రాలు తన గదిలో మాచేత బైబిలు వాక్యం చదివిస్తుంది. ఒకరోజు, "క్రిస్మస్ చెయ్యమని ప్రభువు ఎక్కడ చెప్పాడో చూపించు" అంది. అదెంత పని అనుకుని పెన్సిలు చెక్కుకుని కూర్చున్నాను. మూడు నెలలు పట్టింది, రెండు పెన్సిళ్ళు అరిగాయి. దొరకలేదు మావయ్యా. తేదీ లేదు, నెల లేదు, చెయ్యండి అన్న మాట లేదు. రొట్టె, పాత్ర చేతికిచ్చి తన మరణాన్ని జ్ఞాపకం చేసుకోమన్నాడు. పుట్టినరోజు ఊసే ఎత్తలేదు. పైగా దినాలనీ నెలలనీ పట్టుకు వేలాడుతున్నందుకు అపొస్తలుడు ఒక సంఘాన్ని గట్టిగా మందలించాడు కూడా. ఈస్టరు సంగతి ఇంకా చూడలేదు, పెన్సిలు కొనాలి.

ఈ సంగతి మా మేట్రన్‌కి చెప్పడానికి వెళుతూ సింహాల గుహలోకి నడుస్తున్నాననుకున్నాను. ఆవిడ కోప్పడుతుందనీ, నేను చలించకుండా నిలబడతాననీ ముందే ఊహించుకుని నిలబడే తీరు కూడా అద్దంలో చూసుకున్నాను. ఆవిడ ముఖం బల్బులా వెలిగింది. "నిజంగానా తల్లీ?" అని డ్యూటీ చార్టు దగ్గరికి లాక్కుని ఇరవై నాలుగు, ఇరవై అయిదు, జనవరి ఒకటి, మూడింటిలోనూ నా పేరు రాసేసింది. ఇప్పుడు వార్డులో నర్సులందరూ నా విశ్వాసం సడలకుండా ఉండాలని ప్రార్థిస్తున్నారు.

అత్తయ్యకి నెమ్మదిగా చెప్పండి. అమ్మ పోయిన దగ్గర్నుంచీ ఆ రోజున నేను మీ ఇంట్లో లేకపోవడం ఇదే మొదలు కదా.

మీరు దిద్దితే దిద్దించుకుంటానని పైకి అనే,
మీ మేనకోడలు


నవంబరు 14

అమ్మడికి,

ఆశీస్సులు. నిచ్చెన దిగే చదివాను. దిగడమే మంచిదైంది.

నీ ఉత్తరం మీ అత్తకి చదివి వినిపించాను. "ఇంటికి రావడం లేదు" దాకా ఉన్నదున్నట్టు చదివాను. అక్కడ ఆవిడ చేతిలో కత్తెర ఆగిపోయింది. ఆ తర్వాత నాకు ధైర్యం చాలక మిగతాదంతా అక్కడికక్కడే నోటితో రాసేశాను. సెలవు ఇవ్వనన్నారట, మేట్రన్ మహా కఠినురాలట, నువ్వు స్టోరు గదిలో కూర్చుని ఏడ్చావట. ఏడుపు దగ్గరికొచ్చేసరికి నాకే కళ్ళు చెమర్చాయి. కల్పన కొంచెం ఎక్కువైందని ఇప్పుడనిపిస్తోంది. సమయం చూసి సర్దుతాను.

నీ ప్రశ్న పాస్టరుగారి ముందు పెట్టాను. "మంచి ప్రశ్న" అన్నారు. ఆయన మంచి ప్రశ్న అన్నారంటే వారం పదిరోజులు మనకి కనబడరని అర్థం.

నీకు జవాబు చెప్పేంత చదువు నాకు లేదు. తీగలో కరెంటు ఉందో లేదో టెస్టరు పెట్టి చెప్పగలను, వాక్యంలో ఆజ్ఞ ఉందో లేదో చెప్పడానికి టెస్టరు లేదు. అయితే నువ్వు రాసిన దగ్గర్నుంచీ ఒక సంగతి తొలుస్తోంది. ముప్పై నాలుగేళ్ళుగా చర్చి శిఖరానికి నక్షత్రం కట్టేది నేనే. పై మెట్టు మీదికి వెళ్ళాక కింద పదిమంది చేరి "జాగ్రత్త, జాగ్రత్త" అంటారు. ఏడాది మొత్తంలో నా ప్రాణం గురించి అంతమంది పట్టించుకునేది ఆ పది నిమిషాలే. నిజం చెప్పొద్దూ, పని అయిపోయాక కూడా కాసేపు పైనే ఉండి, బిగించిన తీగనే మళ్ళీ బిగిస్తాను. అది ప్రభువు కోసమా, ఆ జాగ్రత్తల కోసమా? నువ్వే చెప్పు, పరిశోధకురాలివి కదా.

కరెంటు మావయ్య


నవంబరు 26

మావయ్యా,

వందనాలు తర్వాత. అత్తయ్యకి మా మేట్రన్ చిరునామా ఎవరిచ్చారో ముందు చెప్పండి.

నిన్న పొద్దున ఆవిడ నన్ను గదిలోకి పిలిచి తలుపు వేసింది. బల్ల మీద అత్తయ్య ఉత్తరం ఉంది. కొలతల పుస్తకంలోంచి చింపిన కాగితాలు, నాలుగు. ఒకదాని వెనక ఎవరిదో నడుము కొలత కూడా ఉంది. "తల్లి లేని పిల్లని ఏడిపించిన చేతులు ఆఖరి దినాన ఏం చూపిస్తాయి?" అని రాసింది. మేట్రన్ ఆ మాట పైకి చదివి, తన చేతులు తిప్పి చూసుకుంది. అడిగి ఉంటే సెలవు ఇచ్చేసే మనిషి, పాపం. ఇరవై నిమిషాలు నిలబడి నా సిద్ధాంతం అంతా మొదట్నుంచీ వివరించాను. ఓపిగ్గా విని, "ఇంతకీ మీ ఇంట్లో అబద్ధం ఆడిందెవరు?" అంది. "మావయ్య" అన్నాను. నర్సింగు పరీక్షల్లో కూడా అంత చప్పున జవాబు చెప్పలేదు.

అత్తయ్యకి ఇవాళే నిజం చెప్పండి. నక్షత్రం గురించి అడిగారు కాబట్టి చెబుతున్నాను. మీరది ప్రభువు కోసం కట్టడం లేదు. మీ కోసమే కట్టుకుంటున్నారు. మనుషులు పెట్టుకున్న పండగ మనుషుల గొప్పకే పనికొస్తుంది.

వార్డు మామూలే. తొమ్మిదో మంచం మీద ఒక గార్డు తాత చేరాడు. రైళ్ళలో ముప్పై ఏళ్ళు గార్డుగా పనిచేసి రిటైరైనవాడు, తుంటి ఎముక విరిగింది. రోజూ పొద్దున్నే "క్రిస్మస్ ఇంకా ఎన్ని రోజులుంది?" అని అడుగుతాడు. ఆ రోజు కొడుకు వస్తానన్నాడట. "అన్ని రోజులూ ఒకటే తాతా" అని బోధించాను. ఆయన నావైపు జాలిగా చూసి, ఎనిమిదో మంచం ఆయన్ని అడిగి తెలుసుకున్నాడు.

మీ మేనకోడలు


డిసెంబరు 5

అమ్మడూ,

నిజం చెప్పేశాను. మీ అత్త మిషను ఆపి మొత్తం విని, "మరి ఆ మహాతల్లికి నేను రాసిన రాతలో?" అని ఒక్కటే అడిగింది.

నక్షత్రం గురించి నువ్వు రాసిన ముక్క సూటిగా తగిలింది. తగలాలనే రాశావు కదా. వెళ్ళి కమిటీవాళ్ళతో, "ఈ ఏడాది నక్షత్రం నేను కట్టను" అన్నాను. బతిమాలించుకోవాలని చూస్తున్నానని కొందరు, మోకాళ్ళ నొప్పులని కొందరు, వేరే సంఘంలో కలిసిపోయానని కొందరు అనుకున్నారు. పాస్టరుగారు పెద్దమనసు చేసి, ఆదివారం అయిదు నిమిషాలు నీ మాట చెప్పుకో అన్నారు. ఇరవై అయిదు నిమిషాలు చెప్పాను. నీ మొదటి ఉత్తరం చదివాను, మేట్రన్ ముఖం వెలిగిన చోట అందరూ నవ్వారు, నన్ను మెచ్చుకుంటున్నారనుకుని మళ్ళీ చదివాను. దిగేసరికి చర్చి రెండుగా చీలింది. పాటల్లో కింది వరస, అదే బేస్, పాడే నలుగురం ఒకవైపు, మిగతా అందరూ ఇంకోవైపు. మా నలుగురిలో ఒకాయనకి చెవుడు. ఆయన దేనికి చెయ్యెత్తాడో ఇంకా తేలలేదు.

ఇక ఇంటి సంగతి. ఆదివారం సాయంత్రం నాలుగింటికి కాఫీ రాలేదు. నాలుగున్నరకి వెళ్ళి అడిగాను. "ఏ అధ్యాయంలో ఉంది?" అంది మీ అత్త. నా పుట్టినరోజు, మా పెళ్ళిరోజు కూడా వాక్యంలో లేవు కాబట్టి అవీ రద్దట. "నలభై ఏళ్ళుగా కాఫీ పెట్టమని నన్నెవరూ ఆజ్ఞాపించలేదు, అయినా పెట్టాను. ఇప్పుడు మీ పుణ్యమా అని జ్ఞానం వచ్చింది" అంది. దీనికి ఏం జవాబు చెప్పాలో ఆలోచిస్తున్నాను. నీకేమైనా తడితే రాయి.

సత్యం కోసం ఒంటరిగా, కాఫీ లేకుండా నిలబడ్డ,
మావయ్య


డిసెంబరు 15

మావయ్యా,

మీ ఉత్తరం చదివి తల పట్టుకున్నాను. నేను మానుకుంటానన్నాను గానీ ఊరంతా మానేయాలన్నానా? నా ఉత్తరం చర్చిలో చదివారా? అందులో అద్దం ముందు నిలబడ్డ సంగతి కూడా చదివారా?

అత్తయ్య అడిగినదానికి జవాబు నాకూ తట్టలేదు. ఆమె మాట మూడు రోజులుగా నా వెంటపడి తిరుగుతోంది.

నక్షత్రం మీ గొప్ప కోసమే అన్నాను చూడండి, అది వాక్యం చదివి అన్న మాట కాదు. మేట్రన్ ముందు సిగ్గుపడ్డ కోపంతో అన్నాను. క్షమించండి. అదే అపొస్తలుడు ఇంకోచోట, ఒకడు ఒక దినాన్ని గొప్పగా ఎంచుతాడు, ఒకడు అన్నిటినీ సమానంగా ఎంచుతాడు, ఎవరి మనసులో వాళ్ళు నిశ్చయంగా ఉంటే చాలు అన్నట్టు రాశాడు. మొదటి పెన్సిలుతో దాని కింద గీత కూడా గీశాను. రెండో పెన్సిలు వచ్చేసరికి మర్చిపోయాను.

ఇంకొకటి చెబితే నవ్వుతారు. ఈ ఆస్పత్రి మొత్తంలో ఇరవై అయిదో తేదీ కోసం నా అంత లెక్కపెట్టుకుంటున్నవాళ్ళు లేరు. మిఠాయి పంచితే తీసుకోవచ్చా, పాట వినబడితే ఆగవచ్చా, శుభాకాంక్షలు చెబితే ఏమనాలి? ఈ పండగ చెయ్యకుండా ఉండడానికి నేను చేస్తున్న ఏర్పాట్లతో రెండు పండగలు చేసుకోవచ్చు.

గార్డు తాతకి మొన్న కొడుకు దగ్గర్నుంచి కార్డు వచ్చింది. రాలేడట. నేనే చదివి పెట్టాను. అప్పట్నుంచీ తాత ఎన్ని రోజులని అడగడం లేదు. తినడం కూడా తగ్గించేశాడు. ఈ పొద్దున నేనే వెళ్ళి "ఇంకా పది రోజులు తాతా" అన్నాను. "అన్నీ ఒకటే కదమ్మా" అన్నాడు. నా మాట నాకే అప్పగించాడు మావయ్యా.

నక్షత్రం కట్టండి. దయచేసి.

మీ పిచ్చి పరిశోధకురాలు


డిసెంబరు 17

అమ్మడూ,

నీ జవాబు ఇంకా రాలేదు. వచ్చేదాకా ఆగలేక రాస్తున్నాను.

పాస్టరుగారు కనబడ్డారు. నీ మంచి ప్రశ్నకి జవాబు పట్టుకొచ్చారు. మోషే ఆజ్ఞాపించని ఆలయ ప్రతిష్ఠ పండగ ఒకటి ఆ రోజుల్లో జరిగేదట, ఆ పండగనాడు ప్రభువు ఆలయంలో నడుస్తూ కనబడ్డాడట, తప్పయితే అక్కడికెందుకు వెళ్ళాడు అన్నారు. "నడిచాడన్నారు గానీ నిచ్చెనెక్కాడనలేదు కదండీ" అన్నాను. ఆయన నవ్వలేదు. అనుకున్నంత గొప్ప మాట కాదని నాకూ ఇంటికొచ్చాక తెలిసింది.

దాంతో ఆయనే నక్షత్రం కడతానని ఎక్కారు. నేను ఎదురు అరుగు మీద కూర్చుని, చూడనట్టు చూస్తున్నాను. తప్పు తీగ కలుపుతున్నారని తెలుస్తూనే ఉంది. అరిచి చెబితే పండగలో చెయ్యిపెట్టినట్టవుతుందని నోరు మూసుకున్నాను. స్విచ్చి వెయ్యగానే ఢామ్మంది, వీధి మొత్తం కరెంటు పోయింది. పాస్టరుగారికి ఏమీ కాలేదు, కనుబొమ్మలు కాస్త కమిలాయి. అందరూ నా దగ్గరికే వచ్చారు. వీధి ఫ్యూజు వేశాను, అది ఇరుగుపొరుగు ధర్మం. నక్షత్రం ముట్టుకోలేదు, అది సిద్ధాంతం. ఫ్యూజు వేస్తుంటే ఒక్కరు కూడా "జాగ్రత్త" అనలేదు.

ఇక్కడ ఇరవై అయిదున నేను చేసేదేమీ లేదు. మీ అత్త పొద్దున్నే పాటలవాళ్ళతో వెళ్ళిపోతుంది. అందుకని ఆ పొద్దుటికి నీ దగ్గర దిగేట్టు రైలెక్కుతున్నాను. మనుషులు కల్పించిన పండగ పట్టనివాళ్ళం ఈ వంశంలో మనిద్దరమే. ఎక్కడో ఒక మూల కూర్చుని ఇద్దరం కలిసి పండగ చెయ్యకుండా ఉందాం.

మావయ్య


(కార్డు)
డిసెంబరు 22

మావయ్యా, రాకండి. మధ్యాహ్నం రెండు దాకా నాకు డ్యూటీ. అదీగాక, పండగ చెయ్యకుండా కూర్చోవడానికి తోడుగా నేను పనికిరానేమో. మీరు అత్తయ్య దగ్గరే ఉండండి.


డిసెంబరు 27

అమ్మడూ,

రావద్దన్న కార్డు, నక్షత్రం కట్టమన్న ఉత్తరం రెండూ నేను తిరిగొచ్చాకే అందాయి. ఆలస్యంగా అందించిన పోస్టుమాన్‌కి వెళ్ళి దండం పెట్టి వచ్చాను.

ఇరవై అయిదున నువ్వు వార్డులో అడుగుపెట్టేముందు ఏం జరిగిందో చెప్పాలి. నీ ముందు నోటితో చెబుదామనుకున్నాను, చెప్పకుండానే రైలెక్కేశాను.

రెండు దాకా బెంచీ మీద కూర్చోమని చెప్పి వెళ్ళావు. గంట కూర్చున్నాను. పండగ చెయ్యకపోవడం గంటకి మించి చేసే పని కాదని తెలిసింది. తలుపులోంచి తొమ్మిదో మంచం నెత్తిన స్విచ్చి వదులుగా వేలాడుతూ కనబడింది. జేబులో స్క్రూడ్రైవరు ఉంది. వెళ్ళాను.

స్విచ్చి బిగించేసరికి గార్డుగారు కళ్ళు తెరిచి, "ఇవాళ కూడా డ్యూటీయా?" అన్నారు. లేదండీ, నేను ఈ ఆస్పత్రి మనిషిని కాదన్నాను. "మరి ఇల్లొదిలి ఇక్కడెందుకున్నారు?" అన్నారు. నేను ఈ పండగ పాటించనండీ అని, ఆ ఇరవై అయిదు నిమిషాల ఉపన్యాసం ఎత్తుకోబోయాను.

ఆయన, "నేనూ ఎప్పుడూ చెయ్యలేదండీ" అన్నారు. "ముప్పై ఏళ్ళు. ఆ రోజు రైళ్ళు కిటకిటలాడతాయి కదా, గార్డుకి సెలవెక్కడిది? జనాన్ని ఇళ్ళకి చేర్చి, నేను ఆఖరి పెట్టెలో జెండా పట్టుకుని నిలబడేవాణ్ణి. రిటైరయ్యాక వాడితో కలిసి ఒక్కటైనా చేద్దామనుకున్నా. ఇప్పుడు వాడూ గార్డే. వాడికీ సెలవు లేదు."

అమ్మడూ, ఆయనకి ముప్పై ఏళ్ళు అందని రోజుని, నాకు ఏటా ఇంటికొచ్చి పడ్డ రోజుని, నేను నెల రోజుల్లో వద్దని విసిరేసి, దాన్ని సత్యం అని పిలుచుకుని, రైలెక్కి వచ్చాను. ఆ రైల్లో కూడా ఆఖరి పెట్టెలో ఎవరో ఒకరు నిలబడే ఉంటారు. నేను తిరిగి చూడలేదు.

"ఒక పాట పాడనా?" అని అడిగాను. పాడమన్నారు. నాకొచ్చింది బేస్ ఒక్కటే కదా. పాట అసలు వరసేమిటో ముప్పై నాలుగేళ్ళలో నేనెప్పుడూ పట్టించుకోలేదు. పాడేవాళ్ళు పక్కన ఉంటారు, కింద మనం నాలుగు స్వరాలు మోస్తూ పోతాం. ఒక్కణ్ణే పాడితే ఇనప బకెట్ ఈడ్చినట్టుంది. ఆయన శ్రద్ధగా విని, "ఇది ఏ పాటండీ?" అన్నారు. పాట పేరు చెప్పాను. "కాదే" అన్నారు. ఎనిమిదో మంచం ఆయన కూడా కాదన్నారు. అయినా సిగ్గు విడిచి రెండో చరణం ఎత్తుకున్నాను.

అప్పుడు గుమ్మంలోంచి పై వరస వినబడింది. మందుల పళ్ళెం చేత్తో పట్టుకుని నువ్వు. చిన్నప్పుడు మా మిషను పక్కన నిలబడి పాడిన గొంతే. అది వచ్చి కలవగానే నా బకెట్ చప్పుడు కాస్తా పాటయింది. "ఆఁ, ఇదీ!" అన్నారు గార్డుగారు. నువ్వు ఆయనకి అన్నం తినిపిస్తుంటే నేను గోడవైపు తిరిగి స్విచ్చి బిగించాను. అది అప్పటికే బిగిసి ఉంది.

ఇంటికొచ్చేసరికి మీ అత్త గుమ్మంలో ఉంది. "పిల్ల తిందా?" అంది. తిందన్నాను. "మీరు?" అంది. అంతే.

పాస్టరుగారి దగ్గరికి వెళ్ళి క్షమాపణ చెప్పాను. ఆయన కనుబొమ్మలు మొలుస్తున్నాయి.

మావయ్య


డిసెంబరు 31

మావయ్యకి, అత్తయ్యకి,

వందనాలు. మావయ్యా, ఈ ఉత్తరం అత్తయ్య చేతికే ఇవ్వండి. మీరు చదివి వినిపించనక్కర్లేదు.

అత్తయ్యా, మేట్రన్‌కి నువ్వు రాసిన రెండో ఉత్తరం అందింది. ఆవిడ భయపడి రెండు రోజులు విప్పలేదు. చివరికి నన్ను పక్కన నిలబెట్టుకుని విప్పింది. క్షమాపణ చదివి కళ్ళు తుడుచుకుని, ఆ కాగితం వెనకున్న కొలతలు ఎవరివని అడిగింది. నాకు తెలియదన్నాను.

మావయ్యా, ఆజ్ఞ లేదన్న మాట ఇప్పటికీ అంటాను. మూడు నెలలు వెతికాను, లేదు. కానీ లేనిదాన్ని పట్టుకుని నేను ఒక కొత్త ఆజ్ఞ తయారుచేశాను. దాన్ని మొదట తాత మీద, తర్వాత మీ మీద, మీ ద్వారా చర్చి మీద ప్రయోగించాను. ఒక్కటి మాత్రం ఒప్పుకుంటాను. ఆ రోజు గుమ్మంలో పాడాలా వద్దా అని నేను ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే పాడేదాన్ని కాదు.

ఇరవై ఎనిమిదో తేదీ మధ్యాహ్నం తాత కొడుకు వచ్చాడు. డ్యూటీ దిగి సరాసరి వచ్చినట్టున్నాడు, యూనిఫాంలోనే ఉన్నాడు. మంచం దగ్గర నిలబడి, "మూడు రోజులు లేటయ్యాను నాన్నా" అన్నాడు. తాత కోప్పడతాడని అందరం బిగుసుకుపోయాం, జీవితమంతా టైముకి బండి నడిపించిన మనిషి కదా. తాత వాణ్ణి ఎగాదిగా చూసి, "సిగ్నలు దొరక్కపోతే నువ్వేం చేస్తావురా" అన్నాడు. తర్వాత నావైపు తిరిగి, "ఇవాళ చేసుకుందామా అమ్మా?" అన్నాడు.

నాకు డ్యూటీ అయిపోయింది, వెళ్ళిపోవచ్చు. ఉండిపోయాను. ఎనిమిదో మంచం వాళ్ళు పళ్ళు కోశారు, మేట్రన్ బిస్కెట్లు తెప్పించింది. పాట నేనే ఎత్తుకున్నాను. మీ గొంతు లేక కింద బోసిగా ఉంది. కొడుకు అందుకుని, మీకంటే ఘోరంగా పాడాడు.

మూడో చరణంలో ఎక్స్‌రే అక్క వచ్చింది. ఎవరివో ఫిల్ములు చేతిలో పట్టుకుని గుమ్మంలోనే ఆగింది. ఆవిడ మమ్మల్నందర్నీ చూసి, గోడ మీద క్యాలెండరు చూసి, మళ్ళీ నన్ను చూసింది. పాపం, ఎంత వెతికినా ఇరవై ఎనిమిదో తేదీకి వ్యతిరేకంగా ఆవిడ దగ్గర ఏ వాక్యమూ లేదు. పాట అయ్యేదాకా లోపలికి రాలేదు, వెళ్ళిపోనూ లేదు. అయ్యాక నన్ను చేత్తో పిలిచింది. ఏమంటుందోనని వెళ్ళాను.

"పొద్దుట్నుంచీ నిలబడే ఉన్నాను, కాళ్ళు లాగేస్తున్నాయి" అంది. "ఒక కుర్చీ ఉంటే వేస్తావా?"

వేశాను.

మీ ఇద్దరి
అమ్మడు